కొండ పైకెళ్ళాలి, కాళ్ళు మాత్రం నొప్పెట్టకూడదు

సెలవులు దగ్గర పడేసరికి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం కొండల గురించే. అందరిదీ ఒకటే గోల, శిఖరం దాకా వెళ్ళాలి కానీ ట్రెక్కింగ్ మావల్ల కాదు అని. కొన్నిటికి పెద్ద జవాబులు రాశాను, కొన్నిటికి రెండు ముక్కలే రాశాను, ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: అక్కా, మేం ఐదుగురం. నేను, మావారు, పన్నెండేళ్ళ పాప, ఐదేళ్ళ బాబు, 68 ఏళ్ళ మా అత్తగారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. అందరం కలిసి ఒక్కసారైనా నిజంగా ఓ పర్వతం కొసన నిలబడాలని కోరిక. కుదిరే పనేనా, లేక ఎవరో ఒకరు అత్తగారితో కింద కూర్చోవాల్సిందేనా?

జవాబు: ఎవరూ కింద కూర్చోనక్కర్లేదమ్మా. కాళ్ళు సహకరించని వాళ్ళని కొండ మీదికి చేర్చే ఏర్పాటు ఇవాళ్టిది కాదు, 150 ఏళ్ళు దాటింది. అమెరికాలో మౌంట్ వాషింగ్టన్ మీదికి 1869లోనే పళ్ళ పట్టాల రైలు వేశారు, స్విట్జర్లాండ్‌లో రిగి కొండకి 1871లో వచ్చింది. పళ్ళ పట్టా అంటే మామూలు రెండు పట్టాల మధ్య ఇంకోటి ఉంటుంది, దానికి రంపం పళ్ళలాంటి పళ్ళుంటాయి, రైలు కింద ఉన్న పళ్ళ చక్రం వాటిని పట్టుకుని ఎక్కుతుంది, అందుకే బాగా ఏటవాలుగా ఉన్నా జారదు. స్విట్జర్లాండ్‌లోనే పిలాటస్ అని ఇంకో కొండుంది, అక్కడ 1889 నుంచి నడుస్తున్న రైలు, దారిలో అన్నిటికన్నా ఏటవాలైన చోట, నూరు మీటర్లు ముందుకెళ్తే 48 మీటర్లు పైకెక్కుతుంది, కిటికీలోంచి చూస్తే చెట్లన్నీ పక్కకి వాలిపోయినట్టుంటాయి!

మీ ఇంటి లెక్క చూస్తే నా ఓటు రైలుకే. కూర్చుని వెళ్ళచ్చు, మెల్లగా వెళ్తుంది కాబట్టి చెవులు దిబ్బళ్ళు పడటం తక్కువ, చాలా చోట్ల మధ్యలో స్టేషన్లుంటాయి కాబట్టి ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే అక్కడ దిగిపోయి కిందికెళ్ళే రైలెక్కెయ్యచ్చు, ఈ సౌకర్యం కేబుల్ కార్‌లో అంతగా దొరకదు. రిగి శిఖరం ఎత్తు దాదాపు 1,800 మీటర్లు, స్టేషన్ 1,752 దగ్గరే ఉంది, దిగాక పది నిమిషాల నడక, అంతే, ఇక పైన ఆకాశమే. వేల్స్‌లో స్నోడన్ రైలు 1896 నాటిది, 1,085 మీటర్ల శిఖరానికి కొద్దిగా కింద దాకా గంటలో తీసుకెళ్ళి దింపేస్తుంది, కాకపోతే చలికాలంలో నడవదు.

తర్వాతిది కేబుల్ కార్, అదే రోప్‌వే. ఇది ఫాస్ట్. చాలా చోట్ల ఐదు పది నిమిషాల్లో పైనుంటారు, కానీ పెద్ద క్యాబిన్లలో ఎక్కువగా నిలబడే వెళ్ళాలి, రద్దీ రోజున బాబుకి ఎదుటివాళ్ళ బ్యాగులు తప్ప ఇంకేం కనపడవు, కాబట్టి ఎక్కగానే కిటికీ పక్కకి తోసెయ్యండి. కేప్‌టౌన్ టేబుల్ మౌంటెన్‌లో ఈ బాధ లేదు, అక్కడ 1997 నుంచి క్యాబిన్ నేలే గుండ్రంగా తిరుగుతుంది, అందరికీ అన్ని వైపులా కనపడుతుంది. ఎంత బుర్రో చూడండి.

ఇంకోటి ఫునిక్యులర్. ఒకే తాడుకి పట్టాల మీద నడిచే రెండు పెట్టెలు, ఒకటి దిగుతుంటే దాని బరువు రెండోదాన్ని పైకి లాగడానికి సాయపడుతుంది. ఇవి ఎక్కువగా చిన్న కొండలకే ఉంటాయి, పిల్లలకి తెగ నచ్చుతాయి.

ఏది ఎంచుకున్నా టికెట్ కొనేముందు ఒక్క ప్రశ్న అడగండి, పై స్టేషన్ నుంచి అసలు కొస దాకా ఎన్ని మెట్లు అని. "కేబుల్ కార్ ఉంది" అన్న మాట నమ్మి వెళ్ళిపోతారు, తీరా అక్కడ మెట్లు కనపడతాయి. వియత్నాంలో ఫాన్‌సిపాన్ ఉంది, 3,100 మీటర్ల పైన, 2016లో రోప్‌వే వచ్చింది, ఆరు కిలోమీటర్లకి పైగా పొడవు, అంతా సుఖమే కానీ పై స్టేషన్ దాటాక ఆరొందల మెట్లు ఎదురవుతాయి. అదృష్టం కొద్దీ అక్కడ ఇంకో చిన్న ఫునిక్యులర్ పెట్టారు, అది ఉందని తెలీక మెట్లెక్కి ఆయాసపడే వాళ్ళున్నారు. రియోలో కోర్కోవాడో కొండకి 1884 నుంచీ రైలుంది, పైన రెండొందల చిల్లర మెట్లుండేవి, ఇప్పుడు లిఫ్టులూ ఎస్కలేటర్లూ వచ్చాయి. అత్తగారి మోకాళ్ళకి సంబంధించిన విషయం ఇదే, కొండ ఎత్తు కాదు.

ప్రశ్న: మేం స్విట్జర్లాండ్‌లో యుంగ్‌ఫ్రావ్ వెళ్ళొచ్చి "శిఖరం ఎక్కేశాం" అని స్టేటస్ పెడితే మా మరిది "వదినా అది శిఖరమే కాదు" అని అందరి ముందూ నవ్వాడు. నిజమేనా? ఫోటో తీసెయ్యాలా?

జవాబు: ఫోటో ఉంచండి, క్యాప్షన్ మార్చండి. మరిది చెప్పింది కరెక్టే. 1912లో పూర్తయిన ఆ రైలు వెళ్ళేది 3,454 మీటర్ల దగ్గరున్న యుంగ్‌ఫ్రావ్‌యోహ్‌కి. యోహ్ అంటే రెండు శిఖరాల మధ్య ఉండే పల్లం, కనుమ లాంటిది. అసలు యుంగ్‌ఫ్రావ్ శిఖరం 4,158 మీటర్లు, అక్కడికి తాళ్ళూ గైడూ లేకుండా వెళ్ళలేం. కానీ యూరప్‌లో అన్నిటికన్నా ఎత్తున్న రైల్వే స్టేషన్‌లో నిలబడ్డారు కదా, అది మీ మరిదికి గుర్తు చెయ్యండి.

ఈ తేడా చాలా చోట్ల ఉంటుంది. స్పెయిన్‌లో టెయిదే 3,715 మీటర్లు, కేబుల్ కార్ 3,555 దగ్గర ఆపేస్తుంది, మిగిలిన నూట అరవై మీటర్లు నడవాలి, దానికి వేరే పర్మిట్ ముందుగా తీసుకోవాలి, చాలామందికి ఆ సంగతి పైకెళ్ళాకే తెలుస్తుంది. టేబుల్ మౌంటెన్‌లో కేబుల్ కార్ దిగే చోటు 1,067 మీటర్లు, అసలు ఎత్తైన చోటు 1,086, మధ్యలో దాదాపు బల్లపరుపు నడకే కానీ గంట దాకా పట్టచ్చు. ఫ్రాన్స్‌లో ఎగ్వీ దు మిది పద్ధతి వేరు, కేబుల్ కార్ దిగాక రాతిని తొలిచి పెట్టిన లిఫ్ట్ ఎక్కితే 3,842 మీటర్ల టెర్రస్ మీదికే తీసుకెళ్తుంది. జర్మనీలో అన్నిటికన్నా ఎత్తైన త్సుగ్‌స్పిట్జ 2,962 మీటర్లు, రైలూ ఉంది కేబుల్ కారూ ఉంది, పైన పెద్ద టెర్రస్ ఉంది, కానీ బంగారు పూత శిలువ ఉన్న ఆ చివరి రాయి మీదికి ఇనప నిచ్చెన పట్టుకుని పాకాలి. పిల్లలతో ఆ పని పెట్టుకోవద్దు, టెర్రస్ మీంచి కనిపించేది కూడా అదే కదా.

నన్నడిగితే కొస మీద కాలు పెట్టామా లేదా అన్న లెక్క కొలతలు కట్టేవాళ్ళకి వదిలెయ్యండి.

ప్రశ్న: మా నాన్నగారికి బీపీ ఉంది, మందులు వాడుతున్నారు. "కూర్చునే కదా వెళ్ళేది, నాకేమవుతుంది" అంటున్నారు. 3,800 మీటర్ల కేబుల్ కార్ టికెట్లు తీసుకుందామని తమ్ముడు. నాకు భయంగా ఉంది.

జవాబు: మీ భయమే కరెక్టు. అందరూ పడే పొరపాటు ఇదే. మీరు లిఫ్ట్‌లో వచ్చారని మీ ఊపిరితిత్తులకి తెలీదు! నడిచి ఎక్కేవాడు రెండు మూడు రోజులు తీసుకుంటాడు, ఆ టైమ్‌లో ఒళ్ళు అలవాటు పడుతుంది. కేబుల్ కార్‌లో వెళ్ళేవాడు ఎగ్వీ దు మిది కిందున్న షమోనీ ఊళ్ళో 1,035 మీటర్ల దగ్గర ఎక్కి ఇరవై నిమిషాల్లో 3,777 దగ్గర దిగుతాడు. 3,500 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సుమారు మూడింట రెండొంతులే, అంటే ప్రతి శ్వాసలో అందే ఆక్సిజన్ కూడా అంతకి తగ్గినట్టే. గుండె వేగంగా కొట్టుకుంటుంది, నాలుగు మెట్లెక్కితే నలభై ఎక్కినట్టుంటుంది, బీపీ కూడా పెరగచ్చు.

ఎత్తు వల్ల వచ్చే జబ్బు మామూలుగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతుంది. తలనొప్పి, వికారం, నీరసం, తల తిరగడం. ఇందులో ఓ చిన్న ఊరట ఏంటంటే ఈ లక్షణాలు ఎక్కువమందికి వెంటనే రావు, కొన్ని గంటలయ్యాక వస్తాయి, అందుకే పైకెళ్ళి గంటలో దిగొచ్చేవాళ్ళు చాలామంది తప్పించుకుంటారు, రాత్రి పైనే హోటల్‌లో పడుకునేవాళ్ళకి కష్టం ఎక్కువ. ఆయాసం, గుండెదడ మాత్రం దిగిన నిమిషం నుంచే తెలుస్తాయి.

కాబట్టి ముందు ఆయన డాక్టర్‌ని అడగండి, "కొండ మీదికి వెళ్ళచ్చా" అని కాదు, ఫలానా ఎత్తుకి ఇన్ని నిమిషాల్లో చేరతాం, ఇంతసేపు ఉంటాం అని అంకెలతో అడగండి, అప్పుడే ఆయన కూడా సరిగ్గా చెప్పగలరు. డాక్టర్ ఒప్పుకుంటే ఒకేసారి కొసకి వెళ్ళకుండా మధ్య స్టేషన్‌లో అరగంటో గంటో ఆగండి. పైన పరుగులు వద్దు, నాన్నగారు ఫోటో కోసం మెట్ల మీద గబగబా వస్తారు చూడండి, అది అస్సలు వద్దు. తలనొప్పి మొదలైతే మాత్ర వేసి కూర్చోబెట్టడం కాదు, తర్వాతి క్యాబిన్‌లో కిందికి తెచ్చెయ్యడమే, దాన్ని మించిన మందు లేదు. మాట తడబడినా, నడక తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా ఒక్క నిమిషం ఆలస్యం చెయ్యద్దు, అక్కడి సిబ్బందికి చెప్పెయ్యండి.

తమ్ముడికి చెప్పండి, 2,000 మీటర్ల కొండ మీంచి కూడా లోకం అంతే అందంగా ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో గోర్నర్‌గ్రాట్ 3,089 మీటర్లు, అది మధ్యస్థం అనుకోండి. కాశ్మీర్‌లో గుల్‌మార్గ్ గొండోలా, అదీ కేబుల్ కారే, దాని రెండో దశ 3,900 మీటర్లు దాటిపోతుంది, అది చాలా ఎత్తు, జనం మొదటి దశ నుంచి రెండో దశకి ఏదో బస్ మారినట్టు మారిపోతుంటారు, అది చూస్తే నాకు కంగారు.

ప్రశ్న: పాపకి ఎనిమిది నెలలు. తీసుకెళ్ళచ్చా?

జవాబు: తక్కువ ఎత్తున్న కొండకైతే వెళ్ళచ్చు, పెద్ద ఎత్తులకి నేను వద్దనే అంటాను, ఎందుకంటే తలనొప్పి వస్తే చెప్పలేదు, ఏడుస్తుంది, అది ఆకలో నిద్రో ఎత్తో మీకు తెలీదు. పిల్లల డాక్టర్‌ని ఒకసారి అడగండి. దిగేటప్పుడు చెవుల్లో నొప్పి ఎక్కువ, ఆ టైమ్‌కి పాలు పట్టండి, గుటకలు వేస్తుంటే చెవులు తెరుచుకుంటాయి. జలుబు ఉంటే ఆ రోజు మానెయ్యండి. చాలా చోట్ల చంటిపిల్లలకి సొంత రూల్స్ ఉంటాయి, టికెట్ పేజీలో చూసుకోండి. హవాయిలో మౌనా కెయా అయితే 4,207 మీటర్లు, 13 ఏళ్ళలోపు పిల్లలనీ గర్భిణులనీ 2,800 మీటర్ల దగ్గరున్న విజిటర్ సెంటర్ దాటి వెళ్ళద్దనే చెప్తారు.

ప్రశ్న: పోయినేడు అంత ఖర్చు పెట్టి పైకెళ్తే తెల్లటి మబ్బు తప్ప ఏం కనపడలేదు. పిల్లలు "ఇదేనా శిఖరం" అన్నారు. ఈసారి అలా కాకుండా ఏం చెయ్యాలి?

జవాబు: అయ్యో, ఆ తెల్ల గోడ ముందు నేనూ నిలబడ్డాను లెండి. మొదటి మాట, నెల ముందు డేట్ ఫిక్స్ చేసి టికెట్ కొనేయకండి, మార్చుకునే వీలున్న టికెట్ దొరికితే రెండు మూడు రోజుల గడువు పెట్టుకుని వాటిల్లో మంచి రోజు చూసి వెళ్ళండి. దాదాపు ప్రతి పెద్ద కొండ మీదా లైవ్ కెమెరా ఉంటుంది, పొద్దున్నే లేచి ఫోన్‌లో అది చూడండి, హోటల్ కిటికీలోంచి చూసి నిర్ణయించుకోవద్దు. ఎందుకంటే ఒక్కోసారి లోయ అంతా పొగమంచు పట్టేసి ఉంటుంది, కానీ పైన ఎండ కాస్తుంటుంది, చల్లగాలి బరువుగా కిందే చేరి మూత పెట్టినట్టు అయిపోతుంది, ఆ రోజు పైకెళ్తే కింద మబ్బుల సముద్రం, దాంట్లో దీవుల్లా కొండలు. అలాంటి రోజున జనం కింద కూర్చుని "ఛ, వాతావరణం బాలేదు" అనుకుంటుంటారు, టికెట్ కౌంటర్ ఖాళీగా ఉంటుంది.

రెండోది, పొద్దున మొదటి ట్రిప్. వేసవిలో ఎండకి నేల వేడెక్కి మధ్యాహ్నానికి మబ్బులు కట్టడం, సాయంత్రం ఉరుములు రావడం కొండల్లో మామూలు. శిఖరం మీద ఉరుము వినపడిందంటే ఫోటోలు ఆపి లోపలికి వెళ్ళిపోవాలి, రెయిలింగులకి ఆనుకోవద్దు.

మూడోది గాలి. పొగమంచులో రైలు నడుస్తుంది, కేబుల్ కార్ కూడా నడుస్తుంది, కానీ గాలి ఎక్కువైతే కేబుల్ కార్ ఆపేస్తారు. మౌంట్ వాషింగ్టన్ మీద 1934లో గంటకి 372 కిలోమీటర్ల గాలి కొలిచారంటే పైన గాలి ఎలా ఉండచ్చో ఊహించండి. మాకే ఒకసారి ఇలా అయ్యింది. ఏ కొండో చెప్పను, పైకెళ్ళిన పావుగంటకి గాలి లేచి రోప్‌వే ఆపేశారు, ఎప్పుడు మొదలవుతుందో చెప్పే నాథుడు లేడు, మావాడు పల్చటి టీషర్ట్‌లో వణుకుతున్నాడు, నా చున్నీ వాడికి చుట్టి ఓ మూల రెండు గంటలు కూర్చున్నాం, నీళ్ళ బాటిల్ ఒక్కటే ఉంది, ఫోన్ చార్జింగ్ చలికి చూస్తుండగానే పడిపోయింది. అప్పటి నుంచీ కింద ఎంత ఉక్కగా ఉన్నా ఒక్కొక్కరికి ఒక స్వెట్టర్, తినడానికేదైనా, పవర్ బ్యాంక్ లేకుండా నేను క్యాబిన్ ఎక్కను. ఇంకోటి, ఏడాదిలో కొన్ని రోజులు లేదా వారాలు మరమ్మతులకి పూర్తిగా మూసేస్తారు, ఎక్కువగా సీజన్ కాని రోజుల్లో. చౌకగా ఫ్లైట్ దొరికిందని ఆ రోజుల్లోనే వెళ్ళి మూసిన గేటు ముందు ఫోటో దిగిన వాళ్ళు నాకు తెలుసు.

ప్రశ్న: మావారికి ఎత్తు అంటే భయం. పైకి చెప్పరు. గ్లాస్ ఫ్లోర్ ఉన్న చోటికి తీసుకెళ్ళి సర్‌ప్రైజ్ ఇద్దామనుకుంటున్నా.

జవాబు: ఇవ్వకండి, సర్‌ప్రైజ్ ఆయనకి కాదు మీకు అవుతుంది. ఎగ్వీ దు మిది మీద 2013లో గాజు పెట్టె ఒకటి పెట్టారు, కాళ్ళ కింద వెయ్యి మీటర్ల ఖాళీ, ధైర్యవంతులే గోడ పట్టుకుంటారు అక్కడ. ఆయన్ని రైల్లో తీసుకెళ్ళండి, కొండ వైపు సీటు ఇవ్వండి, వేలాడుతున్న ఫీలింగ్ ఉండదు. కేబుల్ కారే తప్పకపోతే క్యాబిన్ మధ్యలో నిలబడమనండి, స్తంభం దాటేటప్పుడు ఒక ఊగు ఊగుతుంది అని ముందే చెప్పండి, చెప్పకపోతే ఆ ఊగుకే ప్రాణం పోయినంత పనవుతుంది. ఎదురుగా దూరంగా చూడమనండి, కిందికి కాదు.

ప్రశ్న: కేబుల్ కార్ వద్దు, మా కార్లోనే పైదాకా వెళ్ళే కొండలు ఉంటాయా? చిన్న పిల్లలు, సామాను, ఏది కావాలంటే అది డిక్కీలో ఉంటుంది కదా.

జవాబు: ఉన్నాయి, నిజానికి కుటుంబంతో వెళ్ళేవాళ్ళకి ఇదే సుఖం. హవాయిలో హలెయాకల 3,055 మీటర్లు, సముద్రం ఒడ్డు నుంచి రెండు గంటల్లోపే శిఖరం మీదికి కారు వెళ్ళిపోతుంది, సూర్యోదయానికి వెళ్ళాలంటే మాత్రం కారుకి ముందుగా రిజర్వేషన్ ఉండాలి. అమెరికాలోనే పైక్స్ పీక్ 4,302 మీటర్లు, దానికి రోడ్డూ ఉంది, 1891 నుంచి పళ్ళ పట్టాల రైలూ ఉంది, ఆ రైలు మొత్తం మళ్ళీ కట్టి 2021లో తెరిచారు. మౌంట్ వాషింగ్టన్ రోడ్డైతే 1861 నాటిది, కార్లు పుట్టక ముందే గుర్రబ్బళ్ళ కోసం వేశారు.

ఎక్కడం సమస్య కాదండీ, దిగడం. కొత్తవాళ్ళు బ్రేక్ మీద కాలు పెట్టి అలాగే దిగుతారు, అవి వేడెక్కిపోయి పట్టు పోతుంది, కాలిన వాసన వస్తుంది. తక్కువ గేర్‌లో పెట్టి ఇంజినే బండిని ఆపేలా దిగాలి, ఆటోమేటిక్ కారైనా లో గేర్ ఉంటుంది, వెతికి పెట్టుకోండి. పైక్స్ పీక్ రోడ్డు మీద సగంలో ఆపి బ్రేకుల వేడి చూస్తారు, ఎక్కువుంటే చల్లారేదాకా పక్కన ఉండమంటారు, అంత ఖచ్చితంగా ఉంటారు. వెనక సీట్లో పిల్లలకి వాంతులు వస్తాయి, కవర్లు చేతికందేలా పెట్టుకోండి. ఇంకో సంగతి, కారులో వెళ్ళినా ఎత్తు ఎత్తే, పైన నాన్నగారి గురించి రాసిందంతా మీకూ వర్తిస్తుంది. ముందు రోజు స్కూబా డైవింగ్ చేసుంటే ఆ పక్క రోజు కొండెక్కద్దు, ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలు కడుతుంది, కనీసం 24 గంటలు ఆగమంటారు.

ప్రశ్న: మా పదహారేళ్ళ వాడు "కూర్చుని వెళ్తే ఏం మజా, నేను నడుస్తా" అంటాడు. చెల్లెలికి ఎనిమిదేళ్ళు, అది నడవదు. రాజీ మార్గం ఉందా?

జవాబు: ఉంది, వాడు మధ్య స్టేషన్ దాకా మీతో వచ్చి అక్కణ్ణుంచి పైకి నడుస్తాడు, మీరు క్యాబిన్‌లో వెళ్ళి పైన కలుస్తారు. అందరూ "పైకి లిఫ్ట్, కిందికి నడక" అనుకుంటారు, వినడానికి తేలిగ్గా ఉంటుంది కానీ దిగుడే మోకాళ్ళకీ తొడలకీ దెబ్బ, వెయ్యి మీటర్లు దిగినవాడు మర్నాడు మెట్లు వెనక్కి తిరిగి దిగుతాడు. ఎక్కి, కిందికి క్యాబిన్‌లో రావడమే తెలివి. వాణ్ణి ఒక్కణ్ణే పంపకండి, మీరో మీవారో ఒకరు తోడెళ్ళండి, మార్క్ చేసిన దారి వదలద్దు, కిందికెళ్ళే చివరి క్యాబిన్ టైమ్ ఫోటో తీసి వాడి ఫోన్‌లో పెట్టండి. ఆ టైమ్ దాటితే ఇంకేం చెయ్యలేరు, అక్కడెవరూ మీకోసం ఆగరు.

ఎనిమిదేళ్ళ దానికి పైన గుండ్రంగా తిరిగొచ్చే అరగంట దారి దొరుకుతుంది చాలా చోట్ల, అది చాలు.

ప్రశ్న: బట్టలేం సర్దుకోవాలి, ఒక్క మాటలో చెప్పండి అక్కా.

జవాబు: ప్రతి వెయ్యి మీటర్లకీ సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుందని లెక్కేసుకోండి, కింద 28 ఉంటే మూడు వేల మీటర్లు పైన పదే. దానికి గాలి కలిస్తే ఇంకా తక్కువ అనిపిస్తుంది. పల్చటివి రెండు మూడు పొరలు, పైన గాలి దూరని జాకెట్, చెవులు మూసే టోపీ. చల్లగా ఉంది కదా అని సన్‌స్క్రీన్ మానకండి, ఎత్తుకెళ్ళే కొద్దీ అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయి, మంచు ఉంటే కింద నుంచి కూడా కొడతాయి, పిల్లలకి నల్ల కళ్ళద్దాలు ఆడుకోవడానికి కాదు నిజంగానే కావాలి. చెప్పులు వద్దు, బూట్లు. ఒక్క మాటలో అన్నారు, ఇన్నయ్యాయి.